నాన్న వైద్యానికి పొలం అమ్మాలా?

ఖమ్మం నుంచి ఒకరు అడిగారు: నాన్నకి 68 ఏళ్లు, మల్టిపుల్ మైలోమా (ఒక రకం రక్త కేన్సర్) అన్నారు. నాలుగు సైకిళ్ల కీమో అయ్యాక ఎముక మజ్జ (బోన్ మారో) ట్రాన్స్‌ప్లాంట్ చేద్దామంటున్నారు. "నా కోసం పొలం అమ్మొద్దు, మందులతోనే కానివ్వండి" అని నాన్న పట్టుబడుతున్నారు. రెండెకరాలూ అమ్మేసి, పీఎఫ్ మొత్తం తీసేయనా?

పొలం బేరం ముందు ఆపండి. మైలోమా ఒక్క దెబ్బతో వదిలే జబ్బు కాదు. ట్రాన్స్‌ప్లాంట్ బాగా జరిగినా చాలామందికి లెనాలిడోమైడ్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి సాగుతాయి, తర్వాత ఎప్పుడో జబ్బు తిరగబెట్టొచ్చు, అప్పుడు ఇచ్చే కొత్త మందులు కొన్ని చాలా ఖరీదు. ఉన్నదంతా మొదటి ఆరు నెలల్లోనే ఊడ్చేస్తే అప్పుడేం చేస్తారు?

ఈసారి డాక్టర్ దగ్గరికి నాన్నని కూడా తీసుకెళ్లి ఆయన ఎదుటే అడగండి: ఆయన కిడ్నీలు, గుండె ఉన్న స్థితిలో ట్రాన్స్‌ప్లాంట్‌తో ఎంత లాభం, మందులే కొనసాగిస్తే ఎలా ఉంటుంది, దేనికి ఏడాదికి ఎంతవుతుంది. ఎస్టిమేట్ రాయించుకోండి, ఇన్ఫెక్షన్ వచ్చి ఇంకో వారం ఉండాల్సొస్తే ఎంతో కూడా. ఆయన భయం ఖర్చు గురించా, వైద్యం గురించా అన్నది అప్పుడు తేలుతుంది. అన్నీ విన్నాక కూడా ట్రాన్స్‌ప్లాంట్ వద్దంటే ఆ మాట వినాల్సిందే, శరీరం ఆయనది.

ఇక డబ్బు. మీ కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మానాన్నలు ఉంటే పాత జబ్బులకి కూడా చాలావరకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. లిమిట్ ఎంతో హెచ్‌ఆర్‌ని అడగండి, కొత్త పాలసీలో వాళ్లని చేర్చే వీలుందో లేదో చూసుకోకుండా ఉద్యోగం మాత్రం మారకండి. నాన్నకి రేషన్ కార్డు ఉంటే తెలంగాణ ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఉంది, ట్రాన్స్‌ప్లాంట్ దాని కిందికి వస్తుందా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి. నిమ్స్‌లోనూ ఈ ట్రాన్స్‌ప్లాంట్లు చేస్తారు. అక్కడైతే సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌వోసీకి (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) వైద్యం మొదలవ్వకముందే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోండి.

అప్పటికీ చాలకపోతే పీఎఫ్ అడ్వాన్సు, అదీ కొంతే. తల్లిదండ్రుల జబ్బుకి ఇస్తారు, వడ్డీ ఉండదు, పర్సనల్ లోన్ కంటే ఎంతో నయం. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి, మీ మీద ఆధారపడ్డ 60 దాటిన తండ్రి కేన్సర్ వైద్యానికి పన్ను లెక్కేసే ఆదాయంలోంచి లక్ష వరకు మినహాయింపు కూడా ఉంది (పాత చట్టంలో 80డీడీబీ సెక్షన్ అనేవాళ్లం), ఇన్సూరెన్స్ ఇచ్చినది పోగా. స్పెషలిస్టు రాసిన చీటీ, ఒరిజినల్ బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి.

ఎస్టిమేట్, పాలసీ కాపీ చేతికొచ్చాక మళ్లీ రాయండి. నెలకి ఎంత పక్కన పెట్టాలో లెక్క వేద్దాం, పొలం సంగతి అప్పుడు చూద్దాం.