పాత మిలటరీ బండి కొనొచ్చా? పాత పికప్పు నమ్మొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత మిలటరీ బండ్ల గురించి, పాత పికప్పుల గురించి. నేను ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేరి హవల్దారుగా రిటైరైనవాణ్ని. ఇప్పుడు అల్వాల్‌లో మా షెడ్డు ముందు ఆగే బండ్లలోనూ అవే ఎక్కువ. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: హవల్దారుగారూ, మాకు ఘట్‌కేసర్ దగ్గర మామిడితోట ఉంది. మిలటరీ వేలంలోంచి వచ్చిన మారుతీ జిప్సీ ఒకటి అమ్మకానికి ఉందని బోయినపల్లి బ్రోకరు చెప్పాడు. మీటరు మీద నలభై వేల కిలోమీటర్లు కూడా లేవు. "మిలటరీ మెయింటెనెన్సు, కళ్లు మూసుకుని కొనండి" అంటున్నాడు. తోటలో తిరగడానికి, సీజన్లో కాయ బాటసింగారం మార్కెట్‌కి వేయడానికి పనికొస్తుందా? – ఒక రైతు, ఘట్‌కేసర్

జవాబు: అన్నా, కళ్లు మాత్రం మూసుకోవద్దు. మిలటరీ మెయింటెనెన్సు అబద్ధం కాదు. యూనిట్లో ఉన్నన్నాళ్లూ బండి తిరిగినా తిరగకపోయినా తేదీ ప్రకారం ఆయిలు మారుతుంది, గ్రీజు పడుతుంది, ప్రతిదీ లాగ్‌బుక్కులోకి ఎక్కుతుంది. ఆ పని ఏళ్ల తరబడి చేశాను కాబట్టి దానికి నేను పూచీ. కానీ ఆ బండి బయటికి ఎప్పుడొస్తుంది? ఇక దీన్ని బాగుచేయించడం దండగ అని కాగితం మీద తేల్చాకే వస్తుంది. అలా తేల్చిన రోజు నుంచి దాని బాగోగులు చూసేవాడుండడు. డిపో మైదానంలో ఎండకీ వానకీ నిలబడుతుంది. వేలం అయ్యాక వ్యాపారి దొడ్లో నిలబడుతుంది. బండిని పాడుచేసేది తిరగడం కన్నా ఆ నిలబడటమే. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, బ్రేకు సిలిండర్లలో రబ్బర్లు బిగుసుకుపోతాయి, సీళ్లు ఎండి పగులుతాయి.

మీటరు చూసి మురిసిపోకండి. వైర్‌లెస్ సెట్టు ఉన్న జిప్సీ బ్యాటరీల చార్జింగ్ కోసం గంటల కొద్దీ ఇంజను ఆన్‌లో ఉంచుకుని ఒకేచోట ఉంటుంది. కాన్వాయ్‌లో వెళ్లే బండి ఫస్టు, సెకండు గేర్లలో పాకుతుంది. ఆ అరుగుదల కిలోమీటర్లలో కనపడదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అంచు, డ్రైవరు సీటు కింద రేకు చూడండి, బండి వయసు తెలిసిపోతుంది. మిలటరీ నంబరు తెలిస్తే ఇంకా మంచిది. పైకి చూసే బాణం గుర్తు పక్కనుండే రెండంకెలు, ఆ బండిని కొన్న సంవత్సరం.

జిప్సీ మీద నాకు గౌరవం ఉంది. 1985 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చింది, 1991 నుంచి మిలటరీలో ఉంది. నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు), కింద నిచ్చెనలాంటి ఛాసిస్, లో-గేరుతో ఫోర్‌వీల్ డ్రైవ్. ఒళ్లు తేలిక, అందుకే బురదలో దిగబడదు. 1300 సీసీ ఇంజను ఎస్టీమ్ కారు ఇంజనుకి చుట్టమే కాబట్టి ఇంజను సామాను రాణిగంజ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. ముందు, వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు యాక్సిల్ సామాను దగ్గరే ఖర్చు. కాబట్టి బేరానికి ముందు బండిని మట్టి మీద పెట్టి లో-గేరు వేసి నడిపించండి. లివరు పడకపోయినా, పడ్డాక తన్నుకుని బయటికొచ్చినా అక్కడే ఆపేయండి.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. బ్రోకరు ముందే స్టార్టు చేసి ఉంచితే మర్నాడు మళ్లీ వస్తానని చెప్పండి. స్టార్టయ్యాక ఆయిలు పోసే మూత తీసి అక్కడ అరచెయ్యి పెట్టండి. గాలి పొగతో సహా ఎగదన్నుతుంటే పిస్టన్ రింగులు పోయినట్టే, బోరింగు దాకా వెళ్లాల్సిందే. రేడియేటర్ నీళ్లలో నూనె తేలుతోందేమో చూడండి. చిన్న సుత్తి పట్టుకెళ్లి కమాన్ కట్టలు బిగించే చోట ఛాసిస్‌ని తట్టండి. ఖంగుమంటే మంచిది. దబ్ మంటే లోపల తుప్పు తినేసింది, పైన పెయింటే మిగిలింది. టైర్ల గీతలు లోతుగా ఉన్నాయని సంబరపడొద్దు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 0914 అంటే 2014లో తొమ్మిదో వారంలో తయారైన టైరు. అంత పాత టైరు మీద ఔటర్ రింగు రోడ్డు ఎక్కొద్దు.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. కార్బురేటర్ ఉన్న పాత జిప్సీ పైపులు, వాషర్లు దాని కోసం చేసినవి కావు. ఇథనాల్ తేమని లాగేసుకుంటుంది కూడా, బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకులో నీళ్లు చేరతాయి. కొన్నాక పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేయించండి. అది పెద్ద ఖర్చేం కాదు.

ఇక కాగితాలు. మిలటరీ నుంచి వచ్చిన బండి రిజిస్ట్రేషన్‌కి ఆ అధికారులిచ్చిన ఫారం 21 అసలు ప్రతి కావాలి. జిరాక్సు చూపించి "తర్వాత ఇస్తాను" అంటే లేచి వచ్చేయండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు మీ కళ్లతో మీరే సరిపోల్చుకోండి. ఆ పచ్చ రంగు కూడా ఉంచుకోవడానికి లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆలివ్ గ్రీన్‌ని రక్షణ శాఖ బండ్లకే వదిలింది.

చివరికి, కాయ సంగతి. జిప్సీ అర టన్ను మోసే బండి. ఇరవై కిలోల క్రేట్లు పాతిక వేస్తే దాని బరువు నిండింది, మీరింకా ఎక్కనే లేదు. తోటలో తిరగడానికి, మందు డబ్బాలు మోయడానికి, వానాకాలం బురద దాటడానికి నిక్షేపంగా కొనండి. మార్కెట్‌కి మాత్రం సీజన్లో ట్రాలీ కిరాయికి మాట్లాడుకోండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, నేను మల్కాజిగిరిలో వంటల కాంట్రాక్టు చేస్తాను. గిన్నెలు, సిలిండర్లు, సామాను కలిపి టన్ను దాకా ఉంటుంది. పాత టాటా 407 ఒకటి, బొలెరో పికప్పు ఒకటి చూశాం. మావారు "407 అంటే ఇనుము, దానికి తిరుగులేదు" అంటారు. మా డ్రైవరు బొలెరో అంటాడు. పాత బండ్లకి ఆ పేరు నిజంగా బండి వల్లే వచ్చిందా? – ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: చెల్లెమ్మా, మీ ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే చాలామంది నష్టపోయేది అక్కడే.

1980లలో మన దేశంలోకి నాలుగు జపాన్ లైట్ ట్రక్కులొచ్చాయి: డీసీఎం టయోటా, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి. అందులో ఆల్విన్ మనదే. సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ జహీరాబాద్‌లో ఆ ట్రక్కు ఫ్యాక్టరీ పెట్టింది. బండి మెత్తగా నడిచేది, ఇంజను చప్పుడు తక్కువ, డీజిలు తక్కువ తాగేది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయితే 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగింది. అక్కణ్నుంచి రావలసిన సామాను ధర దాంతోపాటే పెరిగింది. 1986లో టాటా 407 దిగింది. అది జపాన్ బండ్లంత నాజూకైంది కాదు, కానీ ఏ తాలూకా సెంటర్లోనైనా దాని సామాను దొరికింది, లారీ మేస్త్రీ ప్రతివాడికీ దాని లోపలి పని తెలుసు. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం టయోటా బండి రోడ్ల మీద కనపడటం మానేసి ఎన్నేళ్లయినా మన దగ్గర ప్రతి చిన్న లారీనీ ఇంకా డీసీఎం అనే పిలుస్తున్నాం. అంత మంచి పేరున్న బండే నిలవలేదు.

కాబట్టి 407కి ఆ పేరు చెడిపోకుండా ఉన్నందుకు రాలేదు. అది చెడిపోయేది, దానిమీద రాసిన బరువుకి రెండింతలు వేసి తోలితే ఏ బండైనా చెడిపోతుంది. చెడిపోయిన చోటే, ఆ పూటే, తక్కువలో బాగయ్యేది. మిలటరీ శక్తిమాన్ లారీని జబల్‌పూర్‌లో దశాబ్దాల పాటు తయారుచేసిందీ, మా వాళ్లు దాన్ని కొండల మీద నమ్ముకున్నదీ అందుకే: పానాలతో విప్పగలిగిన బండి అది. నన్ను ఎవరు ఏ పాత బండి గురించి అడిగినా మొదట దాని సామాను ఎక్కడ దొరుకుతుందో, దాన్ని విప్పే మేస్త్రీ మీకు ఎంత దూరంలో ఉన్నాడో అడుగుతాను. ఇంజను ఎన్ని సీసీలన్నది ఆ తర్వాత.

ఆ లెక్కన మీ రెండు బండ్లూ పాసైనట్టే. రెండింటికీ పుత్లీబౌలీలో, ఆటోనగర్‌లో సామానుంది. అప్పుడు మీ పని చూడాలి. టన్ను సామాను, మల్కాజిగిరి సందులు, రాత్రి పదకొండింటికి ఫంక్షన్ హాలు వెనక గేటు దగ్గర రివర్సు. దానికి బొలెరో పికప్పే సుఖం. 407 రెండు టన్నుల పైన మోసే పనికి. మీవారి మాట తప్పని కాదు, ఆ ఇనుముకి మీ దగ్గర సరిపడా పని లేదంతే. ఏది కొన్నా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ అమెరికన్ ఆర్మీ వాడి అమ్మేసిన పాత షెవ్రోలే పికప్పు, ఎం1008, కొంటానంటున్నాడు. ఇంకొకటి జీపు ఎం715 కూడా చూశాడట. ఆర్మీ బండి కాబట్టి గట్టిదంటాడు. మీ అభిప్రాయం? – ఒక తండ్రి, ఈసీఐఎల్

జవాబు: అయ్యా, రెండూ ఆర్మీవే అయినా రెండింటి పేరూ ఒకటి కాదు. ఎం715 జీపు 1967 నుంచి 1969 దాకా చేశారు. దాని యాక్సిళ్లు గట్టివి, ఇంజనుకి మాత్రం చెడ్డపేరు. టోర్నడో అనే ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను అది, ఆయిలు కారుతుందని, వాల్వుల దగ్గర ఇబ్బంది పెడుతుందని చాలామంది తీసి వేరేది వేసుకున్నారు. అసలు ఇంజనుతో ఉన్న బండి దాచుకోవడానికి బాగుంటుంది, పనికి కాదు.

ఎం1008 వేరు. 1980ల మధ్యలో షెవ్రోలే మామూలు పికప్పునే ఆర్మీ కోసం మార్చి ఇచ్చారు. 6.2 లీటర్ల డీజిలు ఇంజను, బరువైన యాక్సిళ్లు. మామూలు మార్కెట్ బండికి చుట్టం కాబట్టి సామాను దొరుకుతుంది, నా దృష్టిలో అదే దాని పెద్ద బలం. దాని బలహీనత కరెంటు పనిలో ఉంది. స్టార్టరుకి 24 వోల్టులు, మిగతా బండికి 12. రెండు బ్యాటరీలు, రెండు ఆల్టర్నేటర్లు. చలిలో డీజిలు ఇంజను లేవడానికి సిలిండర్లని వేడిచేసే హీటర్ ప్లగ్గులు 12 వోల్టులవి, వాటికి 24లోంచి తగ్గించి ఇస్తారు. వాటికి కరెంటు వదిలే స్విచ్చు, అంటే రిలే, అతుక్కుపోతే ప్లగ్గులు కాలిపోతాయి, చలికాలం పొద్దున బండి లేవదు. కొనేముందు చల్లటి ఇంజను మీద స్టార్టు చేయించి చూడమనండి, రెండు ఆల్టర్నేటర్లూ చార్జింగ్ ఇస్తున్నాయో లేదో మీటరు పెట్టి చూడమనండి. గేర్లు బరువు లాగడానికి పెట్టినవి కాబట్టి గంటకు తొంభై కిలోమీటర్ల దగ్గరే ఇంజను గోల పెడుతుంది. టెక్సాస్ హైవే మీద రోజూ ఆఫీసుకి వెళ్లడానికైతే వద్దని చెప్పండి. ఊరి బయట ట్రైలర్ లాగడానికైతే కొనుక్కోమనండి.

ప్రశ్న: సార్, పాత మిలటరీ జీపు జోంగా కొనాలని నా కోరిక. రోజూ తిప్పొచ్చా? – ఇంజినీరింగ్ విద్యార్థి, కొత్తపేట

జవాబు: బాబూ, రోజూ వద్దు. అది నిస్సాన్ పెట్రోల్ అనే బండి ఆధారంగా 1969 నుంచి జబల్‌పూర్‌లో చేసిన బండి, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. డీజిలు ఇంజను మార్చినదాన్ని ఎవరైనా అంటగడితే, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూడు. ఎక్కకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇబ్బంది పడేది నువ్వే.

ప్రశ్న: మేస్త్రీగారూ, మా తాతయ్య నడిపిన మహీంద్రా కమాండర్ జీపు నర్సాపూర్‌లో గొడ్లకొట్టంలో ఏళ్లుగా ఉంది. ప్యూజో ఇంజను. బ్యాటరీ వేసి స్టార్టు చేద్దామనుకుంటున్నాను. నడుస్తుందా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, దయచేసి బ్యాటరీ అప్పుడే వేయకండి. మన పల్లెల్ని బస్సు రాని రోజుల్లో మోసిన బండి అది. డీఐ ఇంజను కమాండర్లూ ఉన్నాయి, వాటిది ట్రాక్టరు వంశం, దడదడలాడతాయి. మీది ప్యూజో, మెత్తటిది, జాగ్రత్తగా లేపితే లేస్తుంది.

అన్నాళ్లు కదలని ఇంజన్లో రింగులు సిలిండర్ గోడకి పట్టుకుని ఉంటాయి. ఒక్కసారిగా సెల్ఫ్ కొడితే విరుగుతాయి. ముందు హీటర్ ప్లగ్గులు విప్పించి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఇంజన్ ఆయిలు పోయించి రెండు రోజులు వదిలేయండి. తర్వాత పానా పెట్టి ఇంజనుని చేత్తో నెమ్మదిగా తిప్పించాలి. బరువుగా ఉంటే బలం పెట్టొద్దు, మళ్లీ ఆయిలు పోసి ఆగండి. సాఫీగా తిరిగాక పాత ఆయిలు తీసేసి కొత్తది పోయండి, డీజిలు ట్యాంకు దింపి కడిగించండి, ఫిల్టర్లు మార్చండి, పంపు, నాజిల్స్ డీజిలు పంపు షాపులో చూపించండి. గొడ్లకొట్టం అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక: పేడ, మూత్రం తగిలిన ఇనుముని తుప్పు తొందరగా తింటుంది. వెనక కమాన్ కట్టల దగ్గర, బ్రేకు పైపుల మీద మొదట చూడండి. బ్రేకు రబ్బర్లన్నీ కొత్తవి వేయించకుండా బండిని గేటు దాటించొద్దు.

ఈలోగా ఆర్‌సీ తీసి చూడండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఢిల్లీలోలాగా పాత డీజిలు బండ్లని ఆపేసే నియమం ఇక్కడ లేదు. తాతయ్యగారి పేరు మీదే ఉంటే వారసుల పేరుకి మార్పించడం మొదలుపెట్టండి, షెడ్డు పని కన్నా దానికే ఎక్కువ రోజులు పడుతుంది.