మున్సిపాలిటీలో ఇంజనీరుగా చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

నీకు మున్సిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పగానే సంతోషంతో నాకు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం దిగులు పట్టుకుంది. పెద్ద నగరమైతే డిజైన్లకు ఒకరు, క్వాలిటీ కంట్రోల్‌కు ఒకరు, టెండర్లకు ఒక విభాగం ఉంటాయి. చిన్న పట్టణంలో ఉదయం పైపు లీకేజీ చూసి వచ్చిన మనిషే మధ్యాహ్నం అంచనా తయారు చేసి, సాయంత్రం కౌన్సిలు సమావేశంలో జవాబు చెప్పుకోవాలి. ఆ కాగితాలన్నిటి అడుగునా ఉండే మొదటి సంతకం నీదే అవుతుంది. నా భయమంతా ఆ సంతకం గురించే.

కౌన్సిలు తీర్మానం, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, టెండరు ప్రకటన, ఒప్పందం, స్థలం అప్పగింత, కొలతలు, బిల్లు అనే వరుస నీకు శిక్షణలో చెప్తారు కనుక దానికి కాగితం వృథా చేయను.

మా రోజుల్లో టెండరు పెట్టె ఉండేది. దాని చుట్టూ నలుగురు నిలబడితే చాలు, అయిదో మనిషి కవరు వేయడానికి జంకేవాడు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే పద్ధతి, మొదలైన తరువాత ఆ పెట్టె పోయింది, దాని ముందు కాపలా కూడా పోయింది. అది చిన్న మేలు కాదు. అయితే కంప్యూటరు బిడ్డును తెరవగలదు గానీ, నిబంధన ఎవరికోసం రాశారో చెప్పలేదు. పని స్థలాన్ని చూసినట్టు ఇంజనీరు చేత సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే బిడ్డుకు అర్హత అనే షరతు నీ ముందుకు వస్తే, సర్టిఫికెట్ కోసం నీ గదికి వచ్చినవాళ్ల పేర్లు సాయంత్రానికల్లా ఊళ్లో అందరికీ తెలిసిపోతాయని గ్రహించు. పాత పెట్టె ముందు నిలబడినవాళ్లకు మళ్లీ దారి దొరికినట్టే. అలాంటి షరతు రాయమని ఎవరైనా చెబితే, ఫైలు మీద రాతపూర్వకంగా చెప్పమని అడుగు.

బాగా ‘లెస్’ వేసిన, అంటే అంచనా కంటే బాగా తక్కువకు కోట్ చేసిన, టెండరును చూసి డబ్బు మిగిలిందని మురిసిపోవద్దు. అంచనాలో కాంట్రాక్టరు లాభం కింద ఎంత శాతం కలుపుతామో నీకు తెలుసు. అంతకు రెండింతలు తగ్గించి కోట్ చేసినవాడు ఆ సొమ్మును ఎక్కడినుంచి రాబట్టుకోవాలి? ఒకటి, సిమెంటులోనైనా రావాలి. రెండు, జరిగిన పని కొలతలు రాసే ఎం బుక్‌లో, చేయని పనికి రాసిన కొలతగానైనా రావాలి. లేదా నీ అంచనాలోనే లీడ్, అంటే సామగ్రి తెచ్చే దూరం, ఎక్కువ వేసి ఉండాలి. అంత తక్కువ కోట్ చేసినవాళ్ల దగ్గర అదనపు సెక్యూరిటీ తీసుకుంటారు కదా. ఆ బ్యాంకు గ్యారంటీ నిజమైనదేనా అని ఆ బ్యాంకుకే ఉత్తరం రాసి జవాబు తెప్పించు. కాంట్రాక్టరు తెచ్చి ఇచ్చే నిర్ధారణ పత్రంతో సరిపెట్టుకోవద్దు.

ఇప్పుడు నీకు తప్పక చెప్పవలసిన సంగతి. నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా స్టాఫ్, అదే ఎత్తులు కొలిచే అంకెల కర్ర, పట్టుకుని తిరిగే రోజుల్లో, నేను పనిచేసిన ఒక ఊళ్లో పెద్ద మురుగు కాలువ కట్టాలని నిర్ణయించారు. ఊరి నడిబొడ్డు నుంచి చివర ఉన్న వాగు దాకా అదంతా ఒకే కాలువ. ఒకే పనిగా పిలిస్తే పై అధికారుల సాంకేతిక మంజూరు కావాలి, బహిరంగ టెండరు కావాలి, నెలలు పడుతుంది. పైగా నాలుగు వార్డుల కౌన్సిలర్లు నలుగురూ తమ వార్డులో శంకుస్థాపన కావాలన్నారు. అందుచేత కాలువను నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క విలువ నామినేషన్ (టెండరు లేకుండా నేరుగా పని అప్పగించే) పరిమితికి లోపలే ఉండేటట్టు అంచనాలు వేశారు. నాలుగు ఫైళ్లు, నలుగురు కాంట్రాక్టర్లు. ఏ ఫైలుకు ఆ ఫైలు చూస్తే ఒక్క కాగితమూ తక్కువ లేదు.

మొదటి ముక్కకు లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) తీసినవారు కల్వర్టు పిట్టగోడను బెంచ్‌మార్కుగా, అంటే మిగతా ఎత్తులన్నీ లెక్కించే ఆధారంగా, పెట్టుకుని దానికి 100.000 అని రాసుకున్నారు. రెండో ముక్కకు లెవెల్స్ తీసినవారు బడి గేటు మెట్టుకు 100.000 అని రాసుకున్నారు. ఆ రెండు చోట్ల రాసుకున్న 100.000 ఒకే ఎత్తు కాదని, మధ్యలో దాదాపు అడుగు తేడా ఉందని ఎవరూ సరిచూడలేదు, ఎందుకంటే రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి ఒకే రోజున రాలేదు. వంద మీటర్లకు 20 సెంటీమీటర్ల వాలు, అంటే 500కు 1, చొప్పున ఎవరి ముక్క వారు చక్కగా కట్టారు. రెండూ కలిసిన చోట మాత్రం నీరు మెట్టెక్కవలసి వచ్చింది. వాగు దగ్గరి నాలుగో ముక్కకు స్థలం తగాదా వచ్చి పనే మొదలు కాలేదు. మొదటి వానకే మురుగు మెట్టు దగ్గర ఎదురు తన్ని ఇళ్లలోకి వెళ్లింది. తరువాత కాలువ అడుగున కాంక్రీటు పోసి వాలు సరిచేశారు. దాంతో లోతు తగ్గింది. లోతు తగ్గిందని గోడలు లేపారు, గోడలు లేచాయని రోడ్డు లేపారు, చివరికి రోడ్డు కంటే ఇళ్ల గడపలే కిందికి పోయాయి. ఒక ముసలావిడ తన గుమ్మంలో ఇసుక బస్తాలు పేర్చుకుంటూ, స్టాఫ్ పట్టుకుని నిలబడ్డ నన్ను, “ఆ కర్ర మీద అంకెలు ఎవరికోసం రాసుకుంటారు నాయనా?” అని అడిగింది.

ఆడిట్‌వారు వచ్చి, పనిని ముక్కలు చేసి టెండరు తప్పించారని అభ్యంతరం రాశారు. లెవెల్స్ గురించి ఒక్క మాటైనా రాయలేదు. ముక్కలు చేయడం కేవలం నిబంధనల తప్పని, దానికి సంజాయిషీ ఇస్తే సరిపోతుందని ఆ ఆఫీసులో చాలామంది అనుకున్నారు. ఒక పనిని నాలుగుగా చీల్చినప్పుడు దాన్ని మొత్తంగా చూడవలసిన మనిషి లేకుండా పోతాడని, ఆ ఇళ్లలోకి మురుగు చేరింది ఆ ఖాళీలోంచేనని నేను నమ్ముతాను.

అందుకని చేరగానే పట్టణమంతటికీ ఒకే బెంచ్‌మార్కు ఎక్కడుందో కనుక్కో. లేకపోతే సర్వే చేయించి నాలుగైదు చోట్ల చెరగకుండా రాయించు. కాలువ పనిని నీరు పడే చివరి నుంచి పైకి ప్రతిపాదించు. నీటి పైపు, మురుగు, ఆ తరువాతే రోడ్డు. కొత్త సీసీ రోడ్డును పైపుకోసం పగలగొట్టే దౌర్భాగ్యం దాదాపు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే రోడ్డు డబ్బు ఒక పద్దు కింద, పైపు డబ్బు ఇంకో పద్దు కింద వేర్వేరు నెలల్లో వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించి కట్టడి చేసింది. ఏ డబ్బు దేనికి కట్టుబడి ఉందో ముందే పటం మీద రాసుకుంటే, కౌన్సిలర్లతో వాదన సగం తగ్గుతుంది. వాళ్లను శత్రువులుగా చూడవద్దు సుమా. ఏ సందులో నీళ్లు నిలుస్తాయో నీ లెవెల్ యంత్రం కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

మార్చి నెలలో జాగ్రత్త. నిధులు మురిగిపోతాయని ఎండల్లో కాంక్రీటు పోయిస్తారు, తాగడానికే నీళ్లు చాలని రోజుల్లో క్యూరింగుకు, అంటే కాంక్రీటును తడిపి ఉంచడానికి, ట్యాంకరు రాదు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉన్నా, బ్లెండెడ్ (ఫ్లైయాష్ వంటివి కలిపిన) సిమెంటు వాడినా కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. బిల్లు తొందర కాంట్రాక్టరుది. ఆ పది రోజుల లెక్క నీది.

నీకు చిన్నప్పటి నుంచీ ఎవరైనా బతిమాలితే కాదనలేని జబ్బు ఉంది. కాలేజీలో నీ స్నేహితురాళ్ల రికార్డులు సగం నీ చేతిరాతతోనే నిండేవని మీ అమ్మ విసుక్కునేది, నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఎం బుక్ విషయంలో నవ్వను. నువ్వు టేపు పట్టని కొలత రాయకు, నీ బదులు ఇంకొకరిని రాయనివ్వకు. తప్పు పడితే పాత అంకె కనిపించేటట్టు ఒక్క గీతతో కొట్టేసి, పైన సరైనది రాసి సంతకం చెయ్యి. తోటివాళ్లు గట్టిదానివని ఆడిపోసుకుంటే పడు. రాత్రి నిద్ర పట్టకపోతే ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

చార్జి తీసుకునేటప్పుడు నీకు అప్పగించే ఎం బుక్కుల నంబర్లు, ఒక్కొక్క దానిలో చివరిగా రాసిన పేజీ, డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన) గడువు ఇంకా తీరని పనుల జాబితా కాగితం మీద ఇద్దరి సంతకాలతో తీసుకో. అది చేతికి రాకుండా చార్జి సర్టిఫికెట్ మీద సంతకం చేయవద్దు. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు, నాకంటే ఎక్కువ భయపడుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య