డాకర్ గ్రూపులో చేరగానే సుడో పోయిందా?

మీ ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్‌లో మిమ్మల్ని మీరు డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే సాధనం) గ్రూపులో చేర్చుకున్నాక సుడో (రూట్, అంటే సర్వాధికారి హక్కులతో ఆదేశాలు నడిపేది) పనిచేయడం లేదన్నారు కదా, తప్పు యూజర్‌మాడ్ (వాడుకరి ఖాతాను మార్చే) ఆదేశంలోనే ఉంది. అందులో పెద్ద జీ (-G) ఒక్కటే ఇస్తే అది కొత్త గ్రూపును కలపదు. పాత అదనపు గ్రూపులన్నీ తీసేసి దాన్నొక్కదాన్నే ఉంచుతుంది. పక్కన చిన్న ఏ (-a) తప్పనిసరి. ఇంత ప్రమాదకరమైన ఆదేశం ఒక్క హెచ్చరికైనా ఇవ్వదు!

సుడో ఉన్న మరొకరి చేత మిమ్మల్ని సుడో గ్రూపులో మళ్లీ చేర్పించుకోండి. తర్వాత లాగవుట్ అయి తిరిగి రండి. అలాంటివారు ఎవరూ లేకపోతే, మీది ఉబుంటు కాబట్టి, సర్వర్ దగ్గరికే వెళ్లి రికవరీ మోడ్‌లో రూట్ షెల్ (రూట్ హక్కులతో ఆదేశాలు టైప్ చేసే తెర) తెరిచి, డిస్కును రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి (మళ్లీ అనుసంధానించి), మీరే చేర్చుకోవాలి.

అన్నట్టు, డాకర్ గ్రూపు ఇవ్వడమంటే దాదాపు రూట్ అధికారం ఇచ్చినట్టే. పదిమంది వాడే సర్వర్‌లో దాన్ని ప్రసాదంలా పంచకండి.