ప్రధాన ఆటగాడు లేని జట్టు ప్లేఆఫ్స్‌లో ఎందుకు తడబడుతుంది?

లీగ్ దశలో ప్రధాన ఆటగాడు లేకున్నా గెలిచిన మీ బాస్కెట్‌బాల్ జట్టు ప్లేఆఫ్స్‌లో ఎందుకు చతికిలపడిందని అడిగారు కదండీ. ప్రత్యర్థి మారకపోవడమే అసలు కారణం. అక్కడ ఒక్కో రౌండ్‌లో ఒకే జట్టుతో ఏడు మ్యాచ్‌ల వరకు ఆడాలి. బదులుగా దిగినవాడి లోపాన్ని ఎదుటి కోచ్ త్వరగానే పసిగట్టి, దాడులన్నీ అతని వైపే మళ్లిస్తాడు. పైగా ముఖ్య ఆటగాళ్లు ఎక్కువసేపు ఆడే దశ ఇది; ఒకరు తగ్గితే ఆ భారమంతా మిగిలినవారిదే.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2019 ఫైనల్స్‌లో తమ ముఖ్య ఆటగాళ్లు డ్యురాంట్, ఆ తర్వాత క్లే థాంప్సన్ గాయపడటంతో గోల్డెన్ స్టేట్ జట్టు 2-4తో టొరంటోకు తలవంచింది. అదే 2021లో ప్రధాన ఆటగాడు యానిస్ మోకాలి గాయంతో కూర్చున్నా, మిల్వాకీ అట్లాంటాపై వరుసగా రెండు మ్యాచ్‌లు గెలిచింది! అతని సహచరులు మిడిల్టన్, హాలిడే ఆటను నడపగలిగారు మరి. అందుకే మీ జట్టులో తగ్గిన పాయింట్లను లెక్కపెట్టకండి, చివరి నిమిషాల్లో బంతి ఎవరి చేతికి వెళ్తోందో చూడండి.