బోల్ట్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బోల్ట్ అనే ఇంగ్లీషు మాట మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సమాచారం బాగానే సేకరించావు. కానీ తలుపు గడియ, నట్టు పట్టే ఇనుప బోల్ట్, పిడుగు, బట్ట తాను, గుర్రం బెదిరి పారిపోవడం అంటూ అర్థాలన్నీ డిక్షనరీ వరసలోనే పేర్చేశావు. ఇన్ని సంగతులు ఒక్క మాటలోకి ఎలా చేరాయి? పాఠకుడికి కావలసింది అది.

బాణంతో మొదలుపెట్టు. పాత ఇంగ్లీషులో బోల్ట్ అంటే బిగించేది కాదు, మొద్దు తల ఉన్న పొట్టి బాణం. తర్వాత క్రాస్‌బో, అంటే మీట నొక్కి బాణం వదిలే అడ్డ విల్లు, నుంచి వదిలే బాణానికీ అదే పేరు నిలిచింది. ముందు ఆ బాణాన్ని కళ్లకు కట్టు. దాని ఆకారాన్ని బట్టి తలుపుకు అడ్డంగా జరిపే కడ్డీకి ఆ పేరొచ్చింది, తల ఉన్న ఇనుప బోల్ట్‌కీ వచ్చింది. దాని వేగాన్ని బట్టి పిడుగుకీ, ఒక్కసారిగా దౌడు తీసే గుర్రానికీ, తిండి గబగబా మింగడానికీ వచ్చింది. కదలకుండా బిగించడమూ బోల్టే, పట్టు వదిలించుకుని పారిపోవడమూ బోల్టే! ఇక్కడ తొందరపడకు, పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టు. మాటల చరిత్రలో నాకు బాగా నచ్చే చోటు ఇలాంటిదే. బట్ట తానుకు కూడా ఆకారం వల్లే ఆ పేరు వచ్చి ఉండాలి, దాన్ని ఒక్క వాక్యంలో దాటెయ్.

పిండి జల్లించడాన్ని కూడా బోల్ట్ అంటారు కదా, దాన్ని నువ్వు బాణానికే ముడిపెట్టావు. జల్లెడలోంచి పిండి బాణంలా దూసుకొస్తుందన్న ఊహ అందంగానే ఉంది, కానీ నిజం కాదు. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట. శబ్దం కలిసిందని చుట్టరికం కలపకు. పాత వాడుకలను కాలక్రమంలో చూపించే నిఘంటువు తెరిచి, ఆధారం దొరికాకే రాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను.

1841లో ఇంగ్లండ్ ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ స్క్రూ మరలకు ఒకే ప్రమాణం ఉండాలని ప్రతిపాదించిన కథ నాకూ ఇష్టమే. అంతకుముందు ఒక వర్క్‌షాప్ నట్టు మరో వర్క్‌షాప్ బోల్ట్‌కి సరిగా పట్టేది కాదు. కానీ అది వస్తువు కథ, మాట కథ కాదు. ఆ పేరా తీసి దాచుకో, విడిగా మంచి వ్యాసం అవుతుంది.

టెన్షన్ పడకుండా తిరగరాసి పంపు. చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
అన్నయ్య