దొరికిన నాణేన్ని రుద్దకు, ముందు తూకం వెయ్యి

చిన్నా,

నీ మెసేజ్ చూశా. మెటల్ డిటెక్టర్ కూతపెట్టి జానెడు లోతులో పాత నాణెం బయటపడితే ఎంత సంతోషంగా ఉంటుందో నాకు తెలుసు, కానీ "నిమ్మరసంతో రుద్దనా" అని అడిగావు చూడు, అక్కడ నా గుండె ఝల్లుమంది. వద్దురా. వెనిగర్, టూత్‌పేస్ట్, బ్రష్ ఏవీ వద్దు. రాగి, కంచు నాణేల మీద ఉండే ఆకుపచ్చ పొర మురికి కాదు, వందల ఏళ్లలో లోహానికి పట్టిన చర్మం అనుకో, చాలాసార్లు అక్షరాలు ఆ పొరలోనే మిగిలుంటాయి, అది ఊడితే బొమ్మ కూడా పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టు, చాలు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం క్లోరైడ్లు కంచుని తినేస్తున్నట్టు, సిలికా జెల్ వేసి పొడిగా ఉంచి కన్జర్వేటర్‌కి, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణుడికి, చూపించు. పీవీసీ కవర్లో అసలే పెట్టకు.

దొరికిన చోటు, లోతు, పక్కన ఇంకేం కనిపించాయో ఈరోజే రాసిపెట్టుకో. అక్కడ ఇంకో నాలుగైదు నాణేలు తగిలితే తవ్వడం ఆపెయ్. స్థలం ఓనర్ పర్మిషన్, అధికారులకి చెప్పడం, ఈ రెండింటి మీద అక్కడి చట్టం ఏం చెప్తుందో ముందు కనుక్కో.

ఇక అసలు పని. అందరూ ముందు బొమ్మ చూసి పేరు పెట్టేస్తారు, ఆ తర్వాత ఏం చూసినా ఆ పేరుకి సరిపోయినట్టే అనిపిస్తుంది. నువ్వు ముందు కొలతలు తియ్యి. గ్రాములో వందో వంతు చూపించే కాటా, వెర్నియర్ కాలిపర్ చాలు. పొడిగా ఉన్నప్పుడు బరువు చూడు, తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి జీరో చేసి, నాణేన్ని సన్న దారంతో అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదియ్యి, అప్పుడు కాటా ఎంత చూపిస్తే దాంతో పొడి బరువుని భాగించు, వచ్చేదే సాంద్రత, అంటే ఆ లోహం నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో ఆ అంకె. ఉదాహరణకి 1780 అని ఉండే మరియా థెరీసా థేలర్ (ఆస్ట్రియా వెండి నాణెం) 28.07 గ్రాములు, వెండి 83 శాతం పైనే, అది నీళ్లలో 2.75 దాకా చూపిస్తుంది, అంటే 10.2 వస్తుంది. స్వచ్ఛమైన వెండి 10.5, బంగారం 19.3, రాగి 8.9. సీసం 11.3 కాబట్టి సీసం, తగరం తగిన పాళ్లలో కలిపి వెండి అంకె రప్పించొచ్చు, అందుకే ఈ ఒక్క పరీక్షతో అసలుదని తేల్చెయ్యకు. పైగా ఆ థేలర్‌ని 1780 తర్వాత కూడా అదే సంవత్సరం వేసి చాలా కాలం ముద్రించారు, కాబట్టి నాణెం మీద సంవత్సరం ఉంటే అదే దాని వయసు అనుకోవద్దు. అరబిక్ లిపిలో అంకెలుంటే అది హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరం అయ్యుండొచ్చు, 1198 అంటే మన లెక్కలో 1783-84.

తర్వాత అంచు చూడు, జనం పట్టించుకోనిదీ నకిలీ దొరికిపోయేదీ అక్కడే. చుట్టూ సన్నని అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు, లెన్స్‌లో చూస్తే అక్షరాల పక్కన గుండ్రటి చిన్న గుంటలు ఉంటే అది మూసలో పోతపోసిన నకిలీదేమో అని అనుమానించాలి. పాతకాలంలో సుత్తితో కొట్టి ముద్రించిన నాణేలు రెండు ఎప్పుడూ ఒక్కలా ఉండవు, నీదాని పగులు, గీత అచ్చం అలాగే ఇంకో ఫొటోలో కనిపిస్తే రెండూ ఒకే మూసలోంచి వచ్చినవే అయ్యుంటాయి. వెండి పొర కింద రాగి తొంగిచూస్తే మాత్రం నిరాశపడకు, పాతకాలంలోనే అలా దొంగనాణేలు చేశారు, వాటికీ విలువుంది. మట్టిలో దొరికింది కాబట్టి అసలుదే అనుకోకు, జనం రెప్లికాలు కూడా పారేసుకుంటారు. జర్మనీలోని నూరెంబర్గ్‌లో చేసిన ఇత్తడి లెక్కబిళ్లలు (పూర్వం లెక్కలు వేసుకోవడానికి వాడిన బిళ్లలు) పొలాల్లో దొరికితే బంగారం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అరిగిపోయిన అక్షరాలకి చీకట్లో ఒక్క లైటు పక్కనుంచి కిందుగా వేసి, నాణేన్ని తిప్పుతూ ఫొటోలు తియ్యి, మూడు నాలుగు అక్షరాలు దొరికినా చాలు. అప్పుడు నుమిస్టా అనే ఆన్‌లైన్ నాణేల కేటలాగ్‌లో వెతుకు, రోమన్ది అనిపిస్తే రోమన్ సామ్రాజ్య నాణేల ఆన్‌లైన్ కేటలాగ్ ఓసీఆర్ఈ (OCRE) చూడు, బరువు, వ్యాసం, అక్షరాలు అన్నీ కలిస్తేనే ఒప్పుకో. మట్టిలో కొంత లోహం పోతుంది కాబట్టి బరువు కాస్త తగ్గితే పర్లేదు, బాగా పెరిగితే అనుమానించు.

చివరగా మ్యూజియం వాళ్లకో, ఆ రకం నాణేలే చూసే స్పెషలిస్టుకో చూపించు. ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రేలతో ఏ లోహాలున్నాయో చూసే పరీక్ష) చేయిస్తే అది పైపొర లోహమే చెప్తుందని గుర్తుంచుకో. నాకు బరువు, వ్యాసం, రెండు వైపులా ఫొటోలు, అంచు ఫొటో కూడా పంపు, అప్పటిదాకా ఎవరు ఎంత ఇస్తామన్నా అమ్మకు.