మల్లె కొమ్మ చిగురేసి ఎండిపోయిందంటే దానికి ఇంకా వేరు రాలేదని అర్థం

మీరు రాసింది చదివాను. టెక్కలిలో పుట్టింటి పెరట్లో ఉన్న గుండుమల్లె కొమ్మలు కోసి రాయగడ తెచ్చుకున్నారు. కుండీల్లో పెరటి మట్టి నింపి నాటి, రెండు పూటలా నీళ్ళు పోశారు. రెండు వారాలకు చిగుళ్ళు కనబడ్డాయి. ఆ తర్వాత అవి వేలాడిపోయాయి, పీకి చూస్తే అడుగంతా నల్లగా కుళ్ళి ఉంది. ఎక్కడ తేడా జరిగిందని అడిగారు. నేనుండేది పర్లాకిమిడిలో. మా ఇంటి వెనక ఉన్న మల్లె, జాజి, మందారం, నందివర్ధనం అన్నీ కొమ్మలతో పెంచినవే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు పెరళ్ళన్నీ నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత మా వీధిలో మిగిలిన ఒక్క మల్లె పొద నుంచే కొమ్మలు తీసి చాలా ఇళ్ళకు మళ్ళీ మల్లె పెట్టించాం. అందుకే ఈ పనంటే నాకు ప్రాణం.

ముందు ఆ చిగురు సంగతి చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. కోసిన కొమ్మలో కొంత పిండిపదార్థం, కొంత నీరు నిల్వ ఉంటాయి. కణుపు దగ్గరున్న మొగ్గ ఆ నిల్వను తిని చిగురేస్తుంది. దానికి వేరుతో పని లేదు. ఆకు విచ్చుకున్నాక మాత్రం గాలిలోకి నీరు పోవడం మొదలవుతుంది. కింద తాగడానికి వేరు ఉండదు. ఉన్న నీరు అయిపోగానే చిగురు వేలాడుతుంది. మనం దాహమేసిందనుకుని ఇంకో చెంబు పోస్తాం. ఆ నీటికి మట్టిలో గాలి ఆడక, కోసిన చోట బూజు పట్టి కుళ్ళుతుంది. మీ కొమ్మలు పైన దాహంతో, కింద నీరెక్కువై, రెండు వైపులా ఒకేసారి చచ్చిపోయాయి. కొమ్మ బతకాలంటే దీనికి తలకిందులుగా చెయ్యాలి. చుట్టూ ఉన్న గాలి తడిగా ఉండాలి, అడుగు మాత్రం చెమ్మగా ఉంటే చాలు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట కోసమే.

కొమ్మ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. మరీ లేత చివర వద్దు, అది ఒక్క పూటలో వాడిపోతుంది. బెరడు బూడిదరంగుకు తిరిగిన ముదురు కర్రా వద్దు, అది చిగురేస్తుంది కానీ వేరు పెట్టడానికి నెలలు పడుతుంది. రెండింటికీ మధ్యది కావాలి. ఆకుపచ్చ తగ్గి గోధుమరంగు తిరుగుతూ, వంచితే కొంచెం వంగి తర్వాత టప్పున విరిగేటట్టుండాలి. పూలు పూస్తున్న కొమ్మ తీయకండి, దాని శక్తంతా మొగ్గల మీదే ఉంటుంది. తప్పనిసరైతే మొగ్గలన్నీ గిల్లేయండి. ఇంకో మాట, కొమ్మతో వచ్చే మొక్క అచ్చం తల్లి మొక్కే. తల్లికి ఆకుల మీద పసుపు మచ్చలు, ముడతలు, తెగులు ఉంటే అవీ మీ ఇంటికి వస్తాయి. ఎంత ముచ్చటైన పువ్వైనా సరే, తెగులున్న పొదను ముట్టుకోవద్దు. గుండుమల్లె సాధారణంగా గింజ కట్టదు, ఢిల్లీ కనకాంబరమూ అంతే. కాబట్టి వీటికి కొమ్మే విత్తనం, దాన్ని ఎంచుకోవడంలో మొహమాటం పనికిరాదు.

మీ విషయంలో ప్రయాణం కూడా దెబ్బ కొట్టి ఉంటుంది. టెక్కలిలో కోసి, రాయగడ చేరేసరికి సగం రోజు పోతుంది. ఎండలో బస్సు కిటికీ పక్కన పెట్టుకొస్తే కొమ్మ అప్పటికే సగం ఆరిపోతుంది. ఈసారి తెల్లవారకముందో, మంచు ఆరకముందో కోయండి. ఆకులో నీరు నిండుగా ఉండేది అప్పుడే. వెంటనే తడిపి పిండిన పాత పంచె గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టేయండి. గుడ్డ లేకపోతే తడిపిన న్యూస్ పేపరు చుట్టి, పైన అరిటాకు వేసినా సరిపోతుంది. ఇంటికి చేరాక రాత్రంతా బకెట్టులో ముంచి ఉంచే అలవాటు కొందరికి ఉంది. నన్నడిగితే ఒక గంట చాలు.

కోత ఇలా వేయండి. జానెడు ముక్క, అందులో మూడు నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు సరిగ్గా కిందుగా, ఏటవాలుగా. పై కోత కణుపు మీద అంగుళం వదిలి, అడ్డంగా. ఇలా రెండు రకాలుగా కోస్తే ఏది కింద, ఏది పైన అన్నది తికమకపడరు. ఇది చిన్న విషయం కాదు, తలకిందులుగా నాటిన కొమ్మకు వేరు రావడం బహు కష్టం. వేరు పుట్టించే ఆక్సిన్ అనే పదార్థం చిగుళ్ళలో, లేత ఆకుల్లో తయారై కొమ్మలో కిందికే దిగుతుంది, కోసిన అంచు దగ్గర పోగవుతుంది. వేరు అక్కడ పుట్టడానికి అదే కారణం. అందుకే ఆకులన్నీ దూసేయడమూ మంచిది కాదు. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, పైన ఒక జత ఉంచండి. ఆకులు పెద్దవైతే కత్తెరతో సగానికి కోయండి. కత్తి కానీ కత్తెర కానీ పదునుగా ఉండాలి, స్పిరిట్‌తో తుడవాలి. మొద్దు కత్తికి బెరడు నలుగుతుంది, నలిగిన చోటే ముందు కుళ్ళుతుంది.

వేరు పొడి, అంటే కొమ్మకు వేరు పుట్టించే పొడి, వాడాలా అని కూడా అడిగారు. మల్లెకు అది లేకపోయినా వస్తుంది, వాడితే ఎక్కువ కొమ్మలు నిలుస్తాయి, వేర్లు గుబురుగా వస్తాయి. విత్తనాల దుకాణాల్లో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. లోపలుండేది ఇండోల్ బ్యూటైరిక్ ఆమ్లం, అంటే ఐబీఏ, టాల్కం పౌడరు లాంటి పిండిలో కలిపి ఇస్తారు. మనం చెప్పుకున్న నడిమి ముదురు కొమ్మకు 1000 నుంచి 3000 పీపీఎం సరిపోతుంది. 1000 పీపీఎం అంటే కిలో పిండిలో ఒక గ్రాము మందు, అంతే. ఎక్కువైతే వేరు రాకపోగా కోత మాడుతుంది. కాబట్టి పొడిని కొద్దిగా కాగితం మీద పోసుకుని, తడి అద్దిన అడుగును అర అంగుళం మేర దొర్లించి, వేలితో తట్టి అదనంగా అంటుకున్నది రాల్చేయండి. డబ్బాలోకి నేరుగా ముంచితే తడి తగిలి మొత్తం డబ్బా పాడవుతుంది. తేనె, కలబంద గుజ్జు, దాల్చినచెక్క అంటూ వీడియోల్లో చూపిస్తున్నారు. ఇవి ఐబీఏ చేసే పని చేయవు. మన పెద్దవాళ్ళు కొమ్మ పైకొసకు పేడ ముద్ద పెడతారే, అది మాత్రం మంచి పద్ధతి. పై కోత నుంచి నీరు ఆరిపోకుండా ఆపుతుంది. అదే పేడ అడుగున పెట్టకండి, కుళ్ళుతుంది.

మట్టి విషయంలో మీ కుండీ పనికిరాదు. మన వైపు ఎర్రమట్టి తడిసి ఆరితే గట్టిపడుతుంది, వేరుకు గాలి అందదు. ఎరువు కలిపిన మట్టీ వద్దు. వేరే లేని కొమ్మకు ఎరువెందుకు, అది బూజుకే పనికొస్తుంది. మేము మహేంద్రతనయ ఏటి ఇసుక తెచ్చి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతాం. దానికి సమంగా రైస్ మిల్లు దగ్గర దొరికే నల్లగా మాడిన ఊక కలుపుతాం. తెల్ల బూడిద అయినది కాదు, నల్లగా ఆకారం చెడకుండా ఉన్నది కావాలి. కొబ్బరి పీచు పొడి దొరికితే ఊకకు బదులు అదీ బాగుంటుంది. పిడికిట్లో గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి, అంత తడే చాలు. కొమ్మను నేరుగా గుచ్చకండి. ముందు కొమ్మకంటే కాస్త లావైన కర్రతో కన్నం చేసి, పొడి చెరగకుండా దింపి, చుట్టూ వేళ్ళతో నొక్కండి. రెండు కణుపులు లోపల ఉండాలి. కుళ్ళు బాగా వేధిస్తుంటే నాటే ముందు లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి అడుగును కాసేపు ముంచి, ఆరాక వేరు పొడి అద్దండి. మందు చేతికి అంటకుండా గ్లవ్స్ వేసుకోండి.

ఇప్పుడు అసలు పని, కప్పు. పారదర్శకమైన పాలిథిన్ కవరును కుండీ మీద బోర్లించి, ఆకులకు తగలకుండా రెండు పుల్లల ఊతమిచ్చి, అంచు తాడుతో కట్టేయండి. ఐదు లీటర్ల నీళ్ళ బాటిల్ అడుగు కోసి బోర్లించినా అదే పని జరుగుతుంది. లోపలి వైపు సన్నగా చెమట పడితే గాలి తడిగా ఉందని గుర్తు. ఆ చెమట ఉన్నన్నాళ్ళూ నీళ్ళు పోయకండి. రోజుకోసారి కాసేపు తెరిచి గాలి మార్చి, ఎండిన ఆకులేవైనా ఉంటే ఏరి మళ్ళీ కట్టండి. చోటు వెలుతురుగా ఉండాలి కానీ ఎండ తగలకూడదు. కవరు మీద నేరుగా ఎండ పడితే గంటలో లోపల ఉడికిపోతుంది. ఉత్తరం వైపు వరండా, మామిడి చెట్టు నీడ, షేడ్‌నెట్ కింద, ఏదైనా సరే.

కాలం కూడా చూసుకోవాలి. వేరు పుట్టే చోట 21 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం ఉంటే పని చకచకా జరుగుతుంది. మన దగ్గర తొలకరి పడ్డాక జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా అలాంటి కాలం. వాన నేరుగా కుండీలో పడకుండా చూసుకుంటే చాలు. ఏప్రిల్, మే ఎండల్లో వద్దు. డిసెంబరు, జనవరిలో మీ రాయగడ చలికి, కోరాపుట్ వైపైతే మరీను, కొమ్మ చావదు కానీ కదలదు.

మల్లెకు నెల నుంచి నెలన్నర పడుతుంది. మధ్యలో పీకి చూడాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పీకితే అప్పుడే పుట్టిన వేరు తెగిపోతుంది. నేను చేసేది చెబుతాను. ఒకటి రెండు కొమ్మలను పారదర్శకమైన టీ గ్లాసుల్లో, అడుగున కన్నాలు పెట్టి నాటుతాను. దాన్ని ఇంకో రంగు గ్లాసులో దింపుతాను, వేరుకు వెలుతురు నచ్చదు. అప్పుడప్పుడూ పైకి తీసి గోడ గుండా చూస్తే చాలు. మొదట కోసిన అంచు చుట్టూ తెల్లగా, నూకల్లాంటి బుడిపెలు కడతాయి. అవి వేర్లు కావు, గాయం మానుతోందని గుర్తు. తర్వాత కొన్నాళ్ళకు ఇసుకకూ గ్లాసుకూ మధ్య దారప్పోగంత తెల్లటి వేరు జారుకుంటూ దిగుతుంది, కొస మాత్రం కాస్త పసుపు. దాని పక్కనుంచి పిల్ల వేర్లు చీలేదాకా ఆగండి. గ్లాసు లేని కుండీలో అయితే కొమ్మను రెండు వేళ్ళతో మెల్లగా, ఒక్క పిసరు పైకి లాగి చూడండి. పట్టు తెలిస్తే వేరు పడినట్టే. చిగురును మాత్రం నమ్మకండి.

వేర్లు గుబురయ్యాక కూడా కవరు ఒక్కసారి తీసేస్తే, అంత తడి గాలిలో పెరిగిన ఆకు బయటి గాలికి తట్టుకోలేదు. మొదట కవరుకు ఒక కన్నం, రెండు మూడు రోజులకు ఇంకోటి, తర్వాత రాత్రిపూట తీయడం, ఆపైన పూర్తిగా. వారం పది రోజులు ఈ ఓపిక పట్టండి. తర్వాత ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపిన చిన్న కవరులోకి మార్చి, కొత్త ఆకులు ముదిరాక పెద్ద కుండీకో నేలకో ఎక్కించండి. మొదటి ఏడాది వచ్చే మొగ్గలు గిల్లేస్తే పొద గుబురవుతుంది.

ఈ పద్ధతి మందారానికి, నందివర్ధనానికి, జాజికి అంతా ఇలాగే. మునగ, దేవగన్నేరు సంగతి మాత్రం వేరే. ఆ కొమ్మల్ని కోసిన వెంటనే నాటకూడదు, కోత ఆరి పొర కట్టేదాకా నీడలో కొన్ని రోజులు పడుకోబెట్టాలి. వాటికి కవరు కప్పితే కుళ్ళిపోతాయి.

మీరు దసరాకు ఎలాగూ పుట్టింటికి వెళ్తానన్నారు. కొమ్మలు కోయడంతో పాటు ఇంకో పని చేయండమ్మా. ఆ పొదలో నేలకు దగ్గరగా వాలిన కొమ్మ ఒకటి చూసి, ఒక కణుపు కింద బెరడు కాస్త గీసి, ఆ చోటును మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టి రండి. మనవాళ్ళు అంటు తొక్కడం అంటారు చూడండి, అదే. తల్లి నుంచి నీళ్ళు అందుతూనే ఉంటాయి కాబట్టి దానికి కవరూ అక్కర్లేదు, పొడీ అక్కర్లేదు, మీ అమ్మగారు అప్పుడప్పుడూ తడి చూస్తే చాలు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వేరు పడిందేమో మట్టి మెల్లగా తవ్వి చూడండి. పడి ఉంటే తల్లి వైపు కోసి, వేరుతో, మట్టిగడ్డతో సహా గోనెపట్టాలో చుట్టుకుని తెచ్చుకోవచ్చు. పడకపోతే మళ్ళీ పూడ్చి ఉగాదికి చూసుకోండి.